గురకే కదా అని వదిలేయకండి
(సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో "మందు తాగాడు" అనగానే పత్తిచేలకు కొట్టే పురుగుమందే గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది మన అలమారాలో ఉండే మాత్రల గురించి. మోతాదు మించితే అవీ విషమే.

మా అన్నగారు ఎమ్మిగనూరులో ఉంటారు. మోకాళ్ల నొప్పులకు ట్రమడాల్ మాత్రలు వాడేవారు. ఒక రాత్రి నొప్పికి తాళలేక, వేసుకున్న సంగతి మరచి, మళ్లీ మళ్లీ వేసుకున్నారు. తెల్లవారుజామున గరగరమని గురక. బాగా నిద్రపట్టిందిలే అనుకున్నాం. వదినగారు తట్టి లేపితే లేవలేదు. పెదవులు నీలంగా మారాయి. ఉప్పునీళ్లు పోద్దామని ఒకరు, పోలీసు కేసవుతుందేమోనని నేను. అరగంట గడిచిపోయింది. ఆ తప్పు నాదే.

ఆస్పత్రిలో డాక్టరుగారు ఆక్సిజన్ పెట్టి, నాలాక్సోన్ ఇంజక్షన్ ఇచ్చారు. కొద్ది నిమిషాల్లో అన్నగారు కళ్లు తెరిచారు. "ఇంటికి తీసుకుపోతాం" అన్నాను. డాక్టరుగారు ఒప్పుకోలేదు. గంటకల్లా అన్నగారు మళ్లీ మగతలోకి జారారు. మళ్లీ సూది వేయవలసి వచ్చింది. ఆ సూది ప్రభావం అరగంట నుంచి గంటన్నర వరకే. మాత్ర అంతకంటే ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది.

అన్ని మాత్రలకూ ఇదే విరుగుడు కాదు. నిద్రమాత్రలు ఎక్కువైతే శ్వాస ఆగకుండా చూడడమే ముఖ్యమైన చికిత్స. షుగరు మాత్రలు ఎక్కువై చెమటలు పడితే, స్పృహ ఉంటేనే చక్కెర నీళ్లివ్వండి. తేరుకున్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి, షుగరు మళ్లీ పడిపోవచ్చు. పారాసెటమాల్ ఎక్కువ మింగినవారు మొదటిరోజు మామూలుగానే కనిపిస్తారు, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. దాని విరుగుడు ఎసిటైల్ సిస్టీన్ 8 గంటల లోపు పడితే మేలు.

ఇక చేయవలసినవి. వెంటనే 108కు ఫోన్ చేయండి. శ్వాస ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. శ్వాస ఆగితే 108 వారు ఫోనులో చెప్పినట్లు ఛాతీపై నొక్కండి. వాంతి చేయించకండి; స్పృహ లేనివారి నోట్లో నీళ్లు, మజ్జిగ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఖాళీ మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, రాత్రింబవళ్లు పలుకుతారు.

పోలీసు భయం వద్దు. ముందు చికిత్స, తర్వాతే కాగితాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కావాలని మింగినవారిని కూడా తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగానే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం భావిస్తుంది. కనుక డాక్టరు దగ్గర ఏదీ దాచకండి.

ఇక్కడి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి ఆదోనివారికి సుమారు 100 కిలోమీటర్లు. దారిని మనం తగ్గించలేము, ఇంట్లో చేసే ఆలస్యాన్ని తగ్గించగలము. మా అన్నగారి మాత్రలు ఇప్పుడు వదినగారి చేతిలో ఉన్నాయి. ఏ పూట మాత్ర ఆ పూటే ఇస్తారు. మీ ఇంట్లో కూడా ఈ రాత్రే ఆ ఏర్పాటు చేయండి.

సెలవు.