టి.వి. కట్టే వేళ – పిల్లల ఆట వేళ
(వార్డులలో ఉన్న రోగుల బంధువుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగం)



మీలో చాలామంది ఇక్కడ మంచం పక్కన కూర్చుని ఉన్నా, మనసు మాత్రం ఇంటి దగ్గరే ఉంటుంది. "పిల్లలు తిన్నారా?" అని ఫోన్ చేస్తారు. "తిన్నారు, టి.వి. చూస్తున్నారు" అని అవతల నుంచి జవాబు వస్తుంది. ఆ మాట వినగానే ప్రాణం కుదుటపడుతుంది. పిల్లలు ఇంట్లోనే ఉన్నారు, కాలువ వైపు పోలేదు, రోడ్డు మీదికి పోలేదు అని ధైర్యం. మిరప కోతల రోజుల్లో తెల్లవారకముందే చేలోకి పోయే తల్లికి కూడా ఇదే ధైర్యం. కాబట్టి టి.వి.ని తిట్టడం కోసం నేను ఇక్కడ నిలబడలేదు. పిల్లలు ఎంతసేపు చూడవచ్చు, ఎప్పుడు ఆపాలి, ఆపిన తరువాత వాళ్ళకు ఏమి ఇవ్వాలి అన్న మూడు విషయాలు చెబుతాను.

ఒకప్పుడు టి.వి.యే ఆగిపోయేది

1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టి.వి. కార్యక్రమాలు అందించారు. అప్పటి మన రాష్ట్రంలోని గ్రామాలు కూడా వాటిలో ఉన్నాయి. ఊరందరికీ ఒకే టి.వి. పదిమందీ చేరి చూసేవారు, కార్యక్రమం అయిపోగానే లేచి ఇళ్ళకు పోయేవారు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. అప్పుడు కూడా ప్రసారాలకు ఒక వేళ ఉండేది, ఒక ముగింపు ఉండేది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. 2009లో పిల్లల కోసమే తెలుగులో ఖుషీ టీవీ వచ్చింది. ఇప్పుడు ఫోన్‌లో ఒక బొమ్మల వీడియో అయిపోకముందే ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది.

అంటే, ఆపే పని అప్పుడు టి.వి. వాళ్ళది, ఇప్పుడు మనది. పసిపిల్లవాడు తనంతట తాను ఆపలేడు. అది వాడి మొండితనం కాదు, వయసు అలాంటిది.

ఎక్కువ చూస్తే ఏమవుతుంది?

1. కళ్ళు: పగటి వెలుగులో ఆడుకునే పిల్లలకు దూరదృష్టి మందగించడం, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం, తక్కువగా వస్తుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే వేళ ఇచ్చి మూడేళ్ళు పరిశీలించారు. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. అదనంగా బయట గడిపిన పిల్లల్లో నూటికి సుమారు 30 మందికి ఈ దోషం కొత్తగా వస్తే, మిగతా బడుల పిల్లల్లో నూటికి సుమారు 40 మందికి వచ్చింది. తైవాన్ దేశంలో 2010 నుంచి బడిపిల్లలను రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. ఇంట్లో ఎన్ని లైట్లు వేసినా చెట్టు నీడలో ఉండే వెలుగుకు సరిరావు. ఎండలో నిలబడనక్కరలేదు, వేపచెట్టు నీడ చాలు.

2. మాట: 2009లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, ఇంట్లో టి.వి. మోగే ప్రతి గంటకూ బిడ్డ చెవిన పడే పెద్దవాళ్ళ మాటలు సుమారు 770 తగ్గుతాయి. బిడ్డ మాటలు నేర్చుకునేది టి.వి. నుంచి కాదు, మీ నోటి నుంచి. ఎవరూ చూడకపోయినా టి.వి. వేసి ఉంచే అలవాటు మనలో చాలా ఇళ్ళలో ఉంది. ముందు దాన్ని మానుకోండి.

3. తిండి: టి.వి. చూస్తూ తినే బిడ్డకు కడుపు నిండిన సంగతి తెలియదు. కొందరు అతిగా తింటారు. కొందరు నమలకుండా ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటారు. మధ్యలో వచ్చే ప్రకటనలు చూసి చిప్స్, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు అడుగుతారు.

4. నిద్ర: పడుకోబోయే ముందు తెర చూస్తే నిద్ర ఆలస్యమవుతుంది. మర్నాడు బడిలో చికాకు, పరధ్యానం. మూడు, నాలుగేళ్ళ బిడ్డకు రోజు మొత్తం మీద 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం.

ఎంతసేపు చూడవచ్చు?

మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలు గుర్తుపెట్టుకోవడానికి తేలికగానే ఉంటాయి.

రెండేళ్ళ లోపు బిడ్డకు టి.వి., ఫోన్ వద్దు. దూరాన ఉన్న నాన్నతోనో, అమ్మమ్మతోనో వీడియోలో మాట్లాడించడం వేరు, దానికి అభ్యంతరం లేదు.
రెండు నుంచి ఐదేళ్ళ వరకు రోజుకు గంటకు మించకూడదు.
ఐదు నుంచి పదేళ్ళ వరకు రెండు గంటల లోపే. టి.వి., ఫోన్ రెండూ కలిపి ఈ లెక్క.
ఐదేళ్ళు దాటిన పిల్లలకు రోజుకు కనీసం గంటసేపు ఒళ్ళు అలిసే ఆట కావాలి.

టి.వి. కట్టేసి ఊరుకుంటే చాలదు

చాలా ఇళ్ళలో గొడవ ఇక్కడే మొదలవుతుంది. రిమోట్ లాక్కుంటాం, బిడ్డ ఏడుస్తాడు, పదినిమిషాలకు మనమే తిరిగి ఇస్తాం. ఏడిస్తే ఇస్తారు అని వాడు నేర్చుకుంటాడు. అలా కాకుండా "ఈ బొమ్మల కార్యక్రమం అయిపోగానే బయటకు పోదాం" అని ముందే చెప్పండి. చెప్పిన మాట తప్పకండి. మీరు కూడా లేచి బయటకు రండి. మీరు సీరియల్ చూస్తూ "పోయి ఆడుకో" అంటే ఏ బిడ్డా కదలడు.

ఆటలకు డబ్బు అక్కరలేదు. తొక్కుడుబిళ్ళ, బిళ్ళంగోడు, ఏడు పెంకులు, దాగుడుమూతలు, నాలుగు స్తంభాలాట మీకందరికీ వచ్చినవే. తాతయ్యకు మోకాళ్ళ నొప్పులుంటే అరుగు మీద కూర్చుని లెక్క చూడవచ్చు. ఆడపిల్లలను కూడా ఆడనివ్వండి. "పెద్దదానివయ్యావు, ఇంట్లో కూర్చో" అని పదేళ్ళకే ఆపకండి. ఎముకల బలం, ఒంటి బలం వాళ్ళకూ కావాలి.

నెలకో, రెండు నెలలకో ఒక ఆదివారం అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్ళండి. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. కొండవీడు కోట ఉంది. ప్రకాశం వైపు వారికి విజయనగర రాజుల కాలంనాటి కంభం చెరువు ఉంది. బాపట్ల దగ్గర సూర్యలంక, చీరాల దగ్గర ఓడరేవు తీరాలు ఉన్నాయి. సముద్రం దగ్గర మాత్రం పిల్లల చేయి వదలకండి. అంత దూరం పోలేనివారు సాయంత్రం ఊరి చెరువుకట్ట మీద అరగంట నడిచినా చాలు.

మన ప్రాంతంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

బయటకు పంపండి అని చెప్పి జాగ్రత్తలు చెప్పకపోతే అది సగం సలహాయే అవుతుంది.

పురుగుమందు కొట్టిన పత్తి చేలోకి, మిరప చేలోకి పిల్లలను రానివ్వకండి. ఎన్నాళ్ళు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది. ఖాళీ డబ్బాలు ఆటవస్తువులు కావు, నీళ్ళు పట్టుకునే పాత్రలు అంతకన్నా కావు.
మిరపకాయలు ఆరబోసిన కల్లాల దగ్గర ఘాటుకు దగ్గు, ఆయాసం వస్తాయి. ఉబ్బసం ఉన్న బిడ్డను అక్కడ ఆడనివ్వకండి.
సాగర్ కుడి కాలువలోను, దాని పిల్లకాలువలలోను నీరు వదిలే రోజులలో పెద్దవాళ్ళు తోడు లేకుండా పిల్లలను ఆ వైపు పంపకండి. మూత లేని బోరు గుంటలను పూడ్పించండి.
ఏప్రిల్, మే నెలలలో ఉదయం 9 గంటల లోపు, సాయంత్రం 5 తరువాత మాత్రమే ఆటలు. తాగడానికి నీళ్ళు, మజ్జిగ దగ్గర ఉంచండి.
చీకటి పడితే టార్చిలైటు, కాళ్ళకు చెప్పులు తప్పనిసరి. పాముకాటు భయం ఉన్న ప్రాంతం మనది.

మీరు అడిగిన ప్రశ్నలు

"కోతల రోజుల్లో ఇంట్లో నాయనమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమె పిల్లల వెంట పరుగెత్తలేదు. ఏం చేయాలి?"
నిజమే. ఆ రోజులలో నాలుగు ఇళ్ళవారు మాట్లాడుకుని, పనికి పోని ఒక పెద్దమనిషిని సాయంత్రం గంటసేపు పిల్లల దగ్గర కూర్చోబెట్టండి. రోజుకొక ఇంటివారు వంతు తీసుకోవచ్చు. చిన్నపిల్లలను అంగన్‌వాడీకి తప్పకుండా పంపండి. పని ఎక్కువగా ఉన్న నెలలో టి.వి. కొంచెం పెరిగితే బెంగపడకండి. పని తగ్గాక మళ్ళీ పాత లెక్కకు తీసుకురండి.

"ఫోన్ చూపకపోతే మా బిడ్డ అన్నం తినడు."
ఆకలి వేసేదాకా ఆగండి. మధ్యలో బిస్కెట్లు ఇవ్వకండి. అందరితోపాటు కూర్చోబెట్టి, కంచంలో కొద్దిగా పెట్టి, తన చేతితో తిననివ్వండి. మొదటి మూడు, నాలుగు రోజులు కష్టంగా ఉంటుంది. ఇంట్లో పెద్దలందరూ ఒకే మాట మీద నిలబడితే తరువాత తేలిక అవుతుంది. బరువు తగ్గుతుంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.

"డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకురావాలి?"
బిడ్డ టి.వి.కి మరీ దగ్గరగా పోయి కూర్చుంటున్నా, కళ్ళు చికిలించి చూస్తున్నా, బడిలో బోర్డు కనబడడం లేదన్నా కంటి పరీక్ష చేయించండి. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి చెప్పలేకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా "మా ఇంట్లో అందరికీ మాట ఆలస్యమే" అని ఊరుకోకండి. టి.వి. వల్లనే అలా అయిందని మీలో మీరు నిందించుకోనూ వద్దు. కారణం ఏమిటో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఎంత త్వరగా చూపిస్తే అంత మంచిది.

చివరగా

అన్నీ ఒక్కరోజులో మార్చనక్కరలేదు. మీ వాళ్ళను డిశ్చార్జి చేయించుకుని ఇంటికి వెళ్ళాక ఒకటే పని చేయండి. రాత్రి అన్నం వేళ టి.వి. కట్టేసి అందరూ కలిసి కూర్చోండి. అది అలవాటయ్యాక సాయంత్రం ఆట గంట మొదలుపెట్టండి. జబ్బుచేసి కోలుకుంటున్న తాతకు కూడా వాకిట్లో నాలుగడుగులు వేయమనే డాక్టరు చెబుతారు. ఆ నాలుగడుగులకు మనవడి చేయి ఊతమైతే ఇద్దరికీ మేలు. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నారా?" అన్న మాటతో పాటు "ఈ రోజు ఏం ఆట ఆడారు?" అని కూడా అడగండి.