వినదగిన క్రొత్త రికార్డులు: జాజ్, ఆఫ్రోబీట్



ఒకనాటి సాయంకాలమున నేను మా యింటి వసారాలో గూర్చుండి యొక రికార్డు వినుచుంటిని. సంగీతమున మంచి పరిచయము గల వృద్ధమిత్రు లొకరు వచ్చి, కొంతసేపు నిలిచి విని, "ఇది యేమి గోల నాయనా? పాట యెప్పుడు మొదలగును?" అని ప్రశ్నించిరి. అప్పటికి పది నిమిషములుగా వాద్యములే మ్రోగుచుండెను. గాయకు డింకను నోరు విప్పలేదు. కావున వారి ప్రశ్న అన్యాయమైనది కాదు.

ఆ గాయకుడు ఫేలా కూటీ. నైజీరియా దేశమున అబెయోకూటా పట్టణములో 1938లో జన్మించి, లండనులో సంగీతవిద్య నభ్యసించినవాడు. అమెరికాలోని నల్లజాతివారు సృష్టించిన జాజ్ సంగీతమును, తన దేశపు యొరుబా లయలను, పశ్చిమాఫ్రికా నృత్యశాలలలో వాడుకయందున్న హైలైఫ్ పాటలను మేళవించి యాయన కల్పించిన ఫణితికే ఆఫ్రోబీట్ అని పేరు. ఆజ్ఞ లేక అడుగైనను వేయనేరని శవప్రాయులని సైనికులను పరిహసించుచు 1976లో "జాంబీ" యను రికార్డు చేసెను. 1977 ఫిబ్రవరిలో సైనికులు వందలకొలదిగా వచ్చి యాయన యింటిని తగులబెట్టి, వృద్ధురాలైన తల్లిని కిటికీనుండి క్రిందికి ద్రోసిరి. స్త్రీల హక్కులకై యెన్నో యేండ్లు పోరాడిన ఆ నాయకురాలు కోలుకొనలేక 1978లో గతించెను. ఈ వృత్తాంతము విన్నపిమ్మట మా మిత్రులు గోల యను మాట మరల ననలేదు.

ఫేలా 1997లో మరణించినను, ఈ రెండు సంగీతములలోను మంచి రికార్డులు నేటికిని వెలువడుచునే యున్నవి. వానిలో నా మనసునకు మిక్కిలి దగ్గరైనది "రిజాయిస్". ఇందు డ్రమ్ములు వాయించినవాడు టోనీ అలెన్. ఫేలా మేళమునకు చిరకాలము ప్రాణమై నిలిచినవాడు. మన తనియావర్తనమున మృదంగము, ఘటము, కంజిర వేరువేరు విద్వాంసుల చేతులలో నుండును. అలెన్ తన రెండు చేతులతోను, రెండు కాళ్లతోను నాలుగు నడకల నొక్కడే నడిపించును. అయినను ఎచ్చటను మోత లేదు, తేలికగా మాటలాడినట్లుండును. ఆయనతో ట్రంపెట్ వాయించినవాడు దక్షిణాఫ్రికా వాసి హ్యూ మసెకెలా. జాతివివక్ష కారణముగా 1960లో స్వదేశము విడిచి, ముప్పది యేండ్లు పరదేశములలో గడపినవాడు. ఈ మిత్రు లిరువురును 2010లో లండనులో కలిసి వాయించిరి గాని పని ముగియలేదు. 2018లో మసెకెలా మరణించెను. మరుసటి యేడు అలెన్ ఆ పాత రికార్డింగుల నెదుట బెట్టుకొని తక్కిన పని పూర్తిచేయించెను. 2020 మార్చిలో రికార్డు వెలువడినది. ఏప్రిల్ 30వ తేదీన అలెన్ పారిస్‌లో కన్నుమూసెను. మొదటిమారు వినునపుడు డ్రమ్ములను మాత్రమే వినుడు. ట్రంపెట్‌ను రెండవమారు వినవచ్చును.

ఫేలా కుమారుడు ఫెమీ, మనుమడు మాడే కలిసి 2021లో వెలువరించిన "లెగసీ ప్లస్" జంట రికార్డు. తండ్రిది ఒకటి, కుమారునిది ఒకటి. మాడే తన భాగమున వాద్యములన్నియు తానే వాయించెను. మెచ్చదగిన సాహసమే గాని, నాకు తండ్రి భాగమే యెక్కువ రుచించినది.

డ్రమ్ముల మోత యేమాత్రమును గిట్టనివారు అదే సంవత్సరమున వచ్చిన "ప్రామిసెస్" వినవలెను. జాజ్ విద్వాంసుడు ఫారో సాండర్స్ తన వార్ధక్యమున సాక్సఫోన్ వాయించిన రికార్డిది. ఒక చిన్న స్వరగుచ్ఛము మరల మరల వచ్చుచుండగా, దానిపై నాయన తొందరపడక ఆలాపన చేయును. నిడివి 46 నిమిషములు. రాత్రి భోజనానంతరము దీపము తగ్గించి వినదగినది. సాండర్స్ 2022లో పరమపదించెను.

లండను యువకు లైదుగురి ఎజ్రా కలెక్టివ్ మేళము 2022లో వెలువరించిన "వేర్ ఐయామ్ మెంట్ టు బీ" యను రికార్డునకు మరుసటి యేడు బ్రిటనులో మెర్క్యురీ బహుమానము లభించినది. జాజ్ మేళమున కా బహుమానము వచ్చుట అదియే ప్రథమము. దీనిని మీ మనుమల కిచ్చి, మీరు ప్రక్కగదిలో నుండి వినుట మేలు.

ఈ రికార్డులన్నియు ఇప్పుడు ఫోనులోనే దొరకును. అయితే ఫోనులోని చిన్న స్పీకరులో మంద్రస్థాయి వినబడదు. అది లేనిచో ఆఫ్రోబీట్‌లో సగము పోయినట్లే. ఇంటిలోని కుఱ్ఱవానిచే పెద్ద స్పీకరునకు కలిపించుకొని వినుడు.