బలవంతం వల్ల తండ్రి హక్కు పుట్టదు

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన ఇంటివారిపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక. అమ్మా బాద్!

ధార్మిక సోదరులారా, పరదా వెనుక వింటున్న తల్లులారా!

మనం మాట్లాడడానికి జంకే ఒక విషయాన్ని నేడు ఈ మింబర్ మీది నుండి చెప్పదలచాము. ఒక స్త్రీపై అత్యాచారం జరిగింది. ఆమె గర్భవతియై బిడ్డను కన్నది. కొంతకాలానికి ఆ దుర్మార్గుడే వచ్చి, బిడ్డ తన రక్తమని, తనకు అప్పగించాలని అడిగితే? కేసు వదులుకుంటే బిడ్డ జోలికి రానని బేరం పెడితే?

ఇది ఊహ కాదు. అమెరికాలో పలు రాష్ట్రాలలో అటువంటివాణ్ణి అడ్డుకునే స్పష్టమైన చట్టం చాలాకాలం లేకపోయింది. 2015లో అక్కడి కాంగ్రెసు ఒక శాసనం చేసింది. బిడ్డ అత్యాచారం వల్ల కలిగినట్లు స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం ఉన్నప్పుడు, ఆ పురుషుని పితృహక్కులను రద్దు చేయమని తల్లి కోరగలిగేలా చట్టం చేసుకున్న రాష్ట్రాలకు అదనపు నిధులిస్తామన్నది. అయినా రాష్ట్రాలన్నీ ఒక్క తీరున లేవు. నేరానికి శిక్ష పడితేనే తల్లికి రక్షణ అనేవి కొన్ని.

మరి మన షరీఅత్ ఏమంటుంది? వంశ సంబంధం, అంటే నసబ్, నికాహ్ వల్ల ఏర్పడుతుంది. వ్యభిచారికి బిడ్డపై హక్కు లేదని, అతనికి నిరాశే మిగులుతుందని దైవప్రవక్త (సఅసం) తీర్పు చెప్పారు. ఇది బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఇష్టపడి తప్పు చేసినవాడికే లేని హక్కు బలాత్కరించినవాడికి ఎక్కడిది? నసబ్ లేనిచోట విలాయత్ లేదు, వారసత్వం లేదు. బిడ్డ తల్లికి చెందుతుంది. ఆమెకు వారసుడవుతుంది, ఆమె బిడ్డకు వారసురాలవుతుంది.

ఇక ఆ స్త్రీ విషయం. నమాజు కోసం బయలుదేరిన ఒక స్త్రీపై దారిలో అత్యాచారం జరిగిన ఉదంతం అబూదావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉంది. దైవప్రవక్త (సఅసం) ఆమెను నిందించలేదు. అల్లాహ్ క్షమించాడని చెప్పి సాదరంగా పంపారు. బలవంతానికి గురైన స్త్రీల పట్ల అల్లాహ్ క్షమాశీలుడని నూర్ సూరాలో ఉంది. బిడ్డ కారణంగా తల్లిని బాధించరాదన్న ఆజ్ఞ బఖరా సూరాలో ఉంది. విడాకుల సందర్భంలో వచ్చిన ఆజ్ఞ అది. భార్యగా ఉండి విడిపోయిన తల్లికే అంత రక్షణ ఉంటే, దౌర్జన్యానికి గురైన తల్లిని బిడ్డను చూపి బెదిరించడం ఎంత ఘోరం!

సోదరులారా! షరీఅత్ మూసిన ఈ తలుపును ఒక్కోసారి మన పెద్దమనుషులే తెరుస్తున్నారు. పరువు పేరిట సుల్హ్ అంటారు. ఆ నేరస్థునికే ఆమెను నికాహ్ చేయమంటారు. దాని ఫలితం ఆలోచించారా? హనఫీ ఫిఖహ్ ప్రకారం నికాహ్ జరిగిన ఆరు మాసాలకో, ఆ తరువాతో బిడ్డ పుడితే నసబ్ భర్తకు చెందుతుంది. విలాయత్ అతనిదవుతుంది. కొడుకుకు ఏడేళ్ళు నిండాక, కూతురు యుక్తవయస్సుకు వచ్చాక తన దగ్గర ఉంచుకునే హక్కు కోరగలడు. అతనికి లేని హక్కును మనమే పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్లు కాదా? తన ఇష్టానికి విరుద్ధంగా తండ్రి చేసిన నికాహ్‌పై ఖన్సా బిన్తె ఖిజామ్ (రజి) ఫిర్యాదు చేస్తే, దైవప్రవక్త (సఅసం) దానిని రద్దు చేశారు. తండ్రికే లేని అధికారం మహల్లా పెద్దలకు ఎలా వస్తుంది?

మన దేశ చట్టం కూడా ఆ తల్లికి అండగా నిలిచే దారులు చూపుతున్నది. 1890 నాటి సంరక్షకుల చట్టం ప్రకారం న్యాయస్థానం బిడ్డ క్షేమాన్ని, సంరక్షకత్వం కోరేవాని శీలాన్ని చూడాలి. ఇలాంటి కేసులలో రాజీ, పెళ్ళి వంటి సూచనలు చేయరాదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు కింది కోర్టులకు నిర్దేశించింది. అవివాహిత తల్లి ప్రమాణపత్రం ఇస్తే తండ్రి పేరు అడగకుండా బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వాలని 2015లోనే చెప్పింది. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.

కనుక మనం చేయవలసినవి చెబుతున్నాము. అటువంటి రాజీకి కూర్చోకండి, సాక్షులుగా సంతకం చేయకండి. ఖాజీలు అటువంటి నికాహ్ చదివించడానికి ఒప్పుకోరాదు. ఆమె పేరును నలుగురిలో పలకకండి, అది చట్టరీత్యా నేరం కూడా. ఆమెకు వకీలును చూపండి, వెంట నడవండి. మదరసాలో చేర్చడానికి ఆ బిడ్డ వస్తే దరఖాస్తులో తండ్రి పేరు దగ్గర కలం ఆపి తల్లి ముఖంలోకి చూడకండి. తల్లి పేరు రాసుకొని పాఠం మొదలుపెట్టండి. ఒకరి పాపభారం మరొకరు మోయరని ఖుర్ఆన్ బోధించే ఇంటిలోనే ఆ పసివాడి తల వంగిపోరాదు.

యా అల్లాహ్! దౌర్జన్యానికి గురైన తల్లులకు నీవే ఆసరా కమ్ము. వారి బిడ్డలను వారి కంటి చలువగా చెయ్యి. న్యాయం చెప్పవలసిన చోట మా నోళ్ళు మూతపడకుండా కాపాడు. ఆమీన్.