కచేరీకి హాలు కుదుర్చుకునే ముందు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘం తరఫున కర్ణాటక గాత్ర కచేరీ ఏర్పాటు చేయాలని తీర్మానించుకున్నాం. 1982లో ఆ తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే మనం ఈ పండుగ చేసుకుంటున్నామని మీకందరికీ తెలుసు. ఎవరు పాడాలన్నది తేలింది. ఎక్కడ పాడాలన్నది తేలలేదు. కార్యవర్గం ముందు మూడు ప్రతిపాదనలున్నాయి. ఒకటి, ఒక దాత ఉచితంగా ఇస్తామన్న ఏ.సి. ఫంక్షన్ హాలు. రెండు, హైస్కూలు మైదానంలో షామియానా. మూడు, రెండు వందల యాభై మంది పట్టే పాత సభామందిరం. నేను పదిహేనేళ్ళు ఒక గానసభలో హాళ్ళు కుదిర్చే పని చూశాను గనుక, నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు.

నా మనవి ఒక్కటే. చివరి వరుస కుర్చీలో కూర్చుని చూసి హాలు ఎంచుకోవాలి. వేదిక అందం తరువాత చూసుకోవచ్చు.

క్రిందటేడు కచేరీ ముగిశాక మన ఫ్యామిలీ పెన్షనరు ఒకావిడ, ఎనభై దాటిన పెద్దావిడ, నాతో అన్నారు: "శబ్దం బాగానే వినపడింది నాయనా, మాట ఒక్కటీ తెలియలేదు." ఆవిడ చెవికి మిషను పెట్టుకుంటారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. వయసు మీద పడితే ముందుగా తగ్గేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు వినే శక్తి. స, శ, త, ప వంటి హల్లుల స్పష్టత అక్కడే ఉంటుంది. రొద ఎక్కువగా ఉన్న హాల్లో ముందు పలికిన అచ్చు మోగుతూ ఉండగానే తరువాతి హల్లు వచ్చి అందులో మునిగిపోతుంది. మైకు పెంచితే రొద కూడా పెరుగుతుంది. రాగం మిగులుతుంది, సాహిత్యం పోతుంది. త్యాగరాజస్వామి కీర్తనలో మాట పోతే మిగిలేది ఎంత?

ఈ రొద సంగతి మొదట శాస్త్రీయంగా తేల్చినవారు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాలెస్ సబైన్. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో ఎవరేం చెబుతున్నారో అర్థం కాకపోతే, బాగుచేసే పని ఆయనకు అప్పగించారు. వేరొక నాటకశాలలోని మెత్తలు రాత్రిపూట మోయించి తెచ్చి, ఒక్కొక్క వరుస పరచి, ధ్వని ఎంతసేపు నిలుస్తుందో కొలిచారు. హాలు పెద్దదయ్యే కొద్దీ రొద పెరుగుతుందనీ, ధ్వనిని పీల్చే వస్తువులు ఎక్కువైన కొద్దీ తగ్గుతుందనీ తేలింది. మనుషులు కూడా ధ్వనిని పీలుస్తారు. కనుక వెయ్యి మంది పట్టే హాల్లో మనం రెండు వందల మందిమి కూర్చుంటే, అది ఖాళీ హాలు లాగే మోగుతుంది.

పరీక్షించడానికి పరికరాలు అక్కరలేదు. వేదిక మీద నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. దాని తోక ఎంతసేపు సాగుతుందో వినండి. చప్పట్లు వేరుగా తిరిగి వినబడితే ఎదురు గోడ దూరంగా, నున్నగా ఉందన్నమాట. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గోడ 17 మీటర్లకు మించి ఉంటే వెళ్ళి రావడానికి సెకనులో పదో వంతు పైగా పట్టి, ప్రతిధ్వనిగా తెలుస్తుంది. మనకు ఇస్తామన్న ఫంక్షన్ హాల్లో నేల గ్రానైటు, గోడలకు అద్దాలు, కర్టెన్లు లేవు. నేను కొట్టి చూసి వచ్చాను. మోత ఆగలేదు.

పెద్దలు ఈ సంగతి అనుభవంతో గ్రహించారు. తిరువనంతపురంలో పద్మనాభస్వామి ఆలయం చెంతనున్న నవరాత్రి మండపంలో నాదం కోసం పైకప్పు నుంచి మట్టికుండలు బోర్లించి వేలాడదీశారు. నాదస్వరం, డోలు ఆలయ వీధుల్లో ఊరేగింపు కోసం పుట్టిన వాద్యాలు. వాటికి ఆరుబయలే అందం. వీణకు చిన్న గది కావాలి. సంగీతాన్ని బట్టి చోటు.

మైదానం సంగతి చూద్దాం. తిరువయ్యారులో కావేరి ఒడ్డున వందలమంది కలిసి పంచరత్నాలు పాడితే పందిరి చాలు. ఒక్క గాత్రం, ఒక వయొలిన్, ఒక మృదంగం అయితే గాలికి చెదిరిపోతాయి. పైగా డిసెంబరు సాయంత్రం మంచు కురుస్తుంది. మనలో ఉబ్బసం ఉన్నవారు ఎందరో! శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం మైకుకు వ్రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 దాటితే ఆరుబయట మైకు పనికిరాదు.

ఇక ఫంక్షన్ హాలు. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళుండవు గనుక హాలు ఖాళీ. దాతగారి మంచి మనసును నేను తక్కువ చేయడం లేదు. కానీ హాలు మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టులో నలుగురే పడతారు. కరెంటు పోతే మోకాళ్ళ నొప్పుల వాళ్ళంతా మెట్ల మీదనే. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో అగ్నిప్రమాదం జరిగి 59 మంది మరణించారు. దారికి అడ్డంగా అదనపు సీట్లు, మూసి ఉన్న ద్వారాలు అంత ప్రాణనష్టానికి కారణమయ్యాయి. కర్ర పట్టుకుని నడిచేవారున్న సభకు బయటి దారి ఎలా ఉందన్నది మొదటి ప్రశ్న కావాలి.

నా ఓటు పాత సభామందిరానికి. కర్ర పైకప్పు, వరుసగా కిటికీలు, నేలమట్టానికి రెండే మెట్లు. రెండు వైపులా తలుపులున్నాయి. లోపాలూ ఉన్నాయి. ఫ్యాన్లు కిర్రుమంటాయి, నూనె వేయించాలి. మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కమ్మీ బిగించాలి. రెండు మెట్లూ కలిపి అడుగు ఎత్తు. అడుగుకు పన్నెండడుగుల వాలు కావాలన్నది లెక్క గనుక, పన్నెండడుగుల చెక్క వాలు చేయిస్తే చక్రాల కుర్చీ లోపలికి వస్తుంది. ఈ ఖర్చు భరించమని దాతగారినే అడుగుదాం. ఒక్క సాయంత్రం హాలు కన్నా ఈ ఊళ్ళో పదేళ్ళు నిలిచే దానం అది.

మరి రెండు వందల యాభై మంది చాలా అని అడుగుతారు. క్రిందటేడు సంతకాల రిజిస్టరు తీసి చూశాను. రెండు వందల పద్దెనిమిది సంతకాలున్నాయి. అంతకు మించి వస్తే వరండాలో, దారికి అడ్డం రాకుండా, కుర్చీలు వేద్దాం. ముందు వరుస సోఫాలు తీసేసి ఆ వరుసలు చెవి మిషను ఉన్నవారికి కేటాయిద్దాం. అతిథులు రెండో వరుసలో కూర్చున్నా వారి గౌరవానికి లోటు రాదు. పెద్ద సౌండ్ బాక్సులు వద్దు, చిన్నవి రెండు చాలు. కచేరీ అయిదింటికి మొదలై ఏడున్నరకు ముగిస్తే చివరి బస్సు అందుతుంది.

చివరగా ఒక ప్రార్థన. కార్యవర్గం నిర్ణయం తీసుకునే ముందు చెవి మిషను ఉన్నవారిని ఇద్దరిని, చేతికర్ర ఉన్నవారిని ఇద్దరిని వెంటబెట్టుకుని మూడు చోట్లూ చూడండి. వారు ఏది బాగుందంటే దానికే నేను కట్టుబడతాను.