మెడ దగ్గర వాపు ఎందుకొస్తుంది? లంబసింగి నుంచి థైరాయిడ్ ముచ్చట

ఈరోజు వీడియో లంబసింగి నుంచి. పొద్దున్న ఆరైంది, మంచు ఇంకా విడలేదు. మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ వస్తోంది చూడండి. ఇంత చలిలోనూ మన ఒంట్లో వేడి మాత్రం 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అందులో పెద్ద పాత్ర మెడ ముందు సీతాకోకచిలుకలా ఉండే థైరాయిడ్ గ్రంథిది.

పీయూష గ్రంథి, థైరాయిడ్, అధివృక్క గ్రంథి... వినాళ గ్రంథులని టెన్త్‌లో చదివాం కదా. ఇవి హార్మోన్లని నేరుగా రక్తంలోకి వదులుతాయి. నేను థైరాయిడ్ గురించే చెప్పడానికి కారణం మా అమ్మమ్మ. ఆమె మెడ మీద నిమ్మకాయంత వాపు ఉండేది. ఫొటో అంటే చాలు, కొంగు కప్పేసుకునేది. "ఏ పాపం చేశానో అయ్యా" అనేది. పాపం కాదు ఫ్రెండ్స్, అలాంటి వాపుకి ఒక ముఖ్య కారణం అయొడిన్ లోపం.

కొండల మీద వానకి మట్టిలోని అయొడిన్ కొట్టుకుపోతుంది. ఆ నేలలో పండిన పంటలోనూ తక్కువే. అయొడిన్ లేకపోతే థైరాక్సిన్ తయారవదు. అది తగ్గిందని పీయూష గ్రంథి కనిపెట్టి, "ఇంకా పని చెయ్" అని టీఎస్‌హెచ్ పంపుతూనే ఉంటుంది. సరుకు లేకుండా పని చేసీ చేసీ థైరాయిడ్ ఉబ్బిపోతుంది. అదే గాయిటర్.

అసలు ప్రమాదం కడుపులో బిడ్డకి. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాక్సినే ఆధారం.

పెద్దవాళ్లకి రోజుకి కావాల్సిన అయొడిన్ 150 మైక్రోగ్రాములే. 1962లోనే ప్రభుత్వం గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. 2006 నుంచి తినడానికి అయొడిన్ లేని ఉప్పు అమ్మడం నిషేధం. అయినా సంతలో కొనేటప్పుడు ప్యాకెట్ మీద 'అయొడైజ్డ్' అని ఉందో లేదో చూడండి. ఉప్పు డబ్బాకి మూత పెట్టండి, తడి తగలనివ్వకండి, పొయ్యి పక్కన ఉంచకండి. అలాగని ఉప్పు ఎక్కువ తినొద్దు!

ప్రతి వాపూ అయొడిన్ వల్లే రాదు. కాబట్టి డాక్టర్‌కి చూపించండి, టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోండి. మీ అక్కో వదినో కడుపుతో ఉంటే ఈరోజే వంటింట్లో ఉప్పు ప్యాకెట్ తిప్పి చూడండి.

ఉంటాను మరి, జాగ్రత్త!