మందు మధ్యలో మానవలసి వచ్చినవారు

(ముస్లిం సామాజిక సంస్థల కార్యకర్తలు, మసీదు కమిటీ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సభ అనగానే రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉర్దూ బడులు గుర్తుకు వస్తాయి. నాకు కేటాయించిన అంశం వాటి సరసన తరచుగా కనిపించేది కాదు. హెచ్‌ఐవి సోకినవారు చికిత్సలో కొనసాగేందుకు ఆసుపత్రులకు మనం ఏ విధంగా తోడ్పడగలమన్నదే ఆ అంశం. “మనవాళ్లలో అది లేదు” అనే మాట నేను చాలాచోట్ల విన్నాను. దేశంలో హెచ్‌ఐవితో జీవిస్తున్నవారి సంఖ్య అధికంగా ఉన్న మూడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అక్కడ నివసించే మనకు మాత్రమే అది మినహాయింపు ఇస్తుందని నమ్మడానికి ఆధారం లేదు. ఎలా సోకిందన్న విచారణ ఈ సభ పని కాదు. భర్త నుంచి సోకిన భార్యకు, తల్లి నుంచి సోకిన బిడ్డకు ఆ విచారణ వల్ల ఒరిగేదేమీ లేదు.

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఏఆర్‌టి మందులను ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. 2017 నుంచి సీడీ4 కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా, వ్యాధి నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ చికిత్స ఇవ్వాలన్నది విధానం. నేడు పెద్దవారిలో ఎక్కువమందికి టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒకసారి ఇస్తున్నారు. క్రమం తప్పకుండా వాడితే రక్తపరీక్షకు అందనంతగా వైరస్ తగ్గుతుంది. ఆ స్థితిలో కొనసాగుతున్న వ్యక్తి నుంచి లైంగిక సంబంధం ద్వారా జీవిత భాగస్వామికి వైరస్ సోకదు. మానివేస్తే కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది, రోగనిరోధక శక్తి క్షీణిస్తుంది, క్షయ వంటివి చుట్టుముడతాయి. కొన్నాళ్లు వేసుకుని కొన్నాళ్లు మానితే మందుకు లొంగని వైరస్ తయారయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి మాత్ర కనిపెట్టడంతో సమస్య తీరలేదు. ఏళ్ల తరబడి ఆ మాత్ర దగ్గరికి మనిషి రాగలగాలి.

రావడం ఆగిపోయినవారిని ఏఆర్‌టి కేంద్రాల రిజిస్టర్లలో ‘లాస్ట్ టు ఫాలో అప్’ అని రాస్తారు. ఏదో దారిన పోతూ జారిపోయిన వస్తువు అన్నట్టుంటుంది ఆ మాట. అటువంటివారిని వెతికి తిరిగి చికిత్సకు తీసుకురావడానికి 2017లో కేంద్ర ప్రభుత్వం ‘మిషన్ సంపర్క్’ను ప్రారంభించింది. కానీ వెతకడానికి చిరునామా కావాలి కదా. చిక్కు అక్కడే ఉంది.

మన బస్తీల్లో తప్పుడు చిరునామా ఇచ్చేవారు ఎందుకు ఇస్తారో ఆలోచించండి. గల్లీలోకి కొత్త మనిషి వస్తే పది గుమ్మాల్లో నుంచి పది తలలు బయటికి వస్తాయి. చేతిలో ఫైలు, మెడలో గుర్తింపు కార్డు ఉన్న ఆరోగ్య కార్యకర్త ఒక ఇంటి ముందు ఆగితే సాయంత్రానికి ఆ ఇంటికి ఒక కథ అంటుకుంటుంది. ఫోను నంబరు ఇద్దామంటే, చాలామంది స్త్రీలకు సొంత ఫోను లేదు. మరిది ఎత్తుతాడు, “ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాం” అన్న ఒక్క వాక్యం చాలు. అందుకే ఆమె నంబరులో ఒక అంకె మార్చి చెబుతుంది. ఇది మోసం కాదు, ఆత్మరక్షణ.

దీనికి పరిష్కారం ఉంది, ఖర్చు కూడా లేదు. పేరు నమోదు చేసే రోజునే “మీరు రాకపోతే మిమ్మల్ని ఎవరి ద్వారా, ఏ మాట చెప్పి పలకరించాలి?” అని అడగాలి. ఒక స్త్రీ “కుట్టుపని సెంటరు నుంచి అని చెప్పండి” అనవచ్చు. ఇంకొకరు “ఇంటికి వద్దు, బస్టాండులో కలుస్తాను” అనవచ్చు. ఆ జవాబును అలాగే రాసుకోవాలి, అలాగే పాటించాలి. ఉర్దూలో మాట్లాడగల మహిళా కార్యకర్తలు కేంద్రాలకు అవసరం. మన సంస్థలు వారిని ఇవ్వగలవు. అయితే ఒక షరతు. విన్నది అమానత్. ఇంట్లో భార్యకు చెప్పినా, కమిటీలో పెద్దకు చెప్పినా అది ద్రోహమే. ఈ షరతు పాటించలేనివారు దయచేసి ఈ పనిలోకి రాకండి. సగం మనసుతో చేసే సేవ ఇక్కడ హాని చేస్తుంది.

రెండవది కూలి. ఆటో నడిపేవారు, వెల్డింగు పనివారు, హోటల్లో పనిచేసేవారు ఉదయం ఓపీలో వరుసలో నిలబడితే ఆ రోజు సంపాదన పోయినట్టే. నిలకడగా ఉన్న రోగులకు ఒకేసారి మూడు నెలల మందు ఇచ్చే వెసులుబాటు ఉంది. నిల్వలు తగ్గినప్పుడు మొదట కోత పడేది దానికే. 2022లో మందుల కొరతపై ఢిల్లీలో నాకో కార్యాలయం ముందు హెచ్‌ఐవి బాధితులు వారాల తరబడి ధర్నా చేశారు. ఆ ధర్నాలో మన సంఘాల జెండాలు కూడా ఉండవలసింది. బస్సు చార్జీకి జకాత్ నుంచి సాయం చేయవచ్చునా అన్నది మన ఉలమాలు నిర్ణయించాలి. చేయవచ్చునంటే ఏ జబ్బు అని అడగకుండా ఇవ్వండి.

రంజాన్ సంగతి వివరంగా చెప్పాలి. ఉపవాసం కోసం నెల రోజులు మందు ఆపేవారు ఉన్నారు. అవసరం లేదు. రోజుకు ఒకసారి మాత్ర వేసుకునేవారు దానిని ఇఫ్తార్ తరువాత వేసుకోవచ్చు. ఆహారంతో ప్రత్యేక నియమం లేదు. కానీ ఇఫ్తార్‌లో వేపుళ్లు తిని కడుపు మంటకు యాంటాసిడ్ తాగే అలవాటు మనకు ఎక్కువ. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. మాత్ర వేసుకున్న 2 గంటల తరువాత యాంటాసిడ్ తాగవచ్చు. ముందే తాగితే మాత్రకు 6 గంటలు ఆగాలి. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారికి డోలుటెగ్రావిర్ రెండు పూటలా ఇస్తారు. వారు వైద్యుణ్ణి అడగకుండా సమయం మార్చరాదు. రోగికి ఉపవాసంలో సడలింపు ఉందని మన ధర్మం స్పష్టంగా చెప్పింది. ఈ మాటను రంజాన్‌కు ముందు జుమా ఖుత్బాలో మధుమేహం, మూత్రపిండాల రోగులతో కలిపి ఇమాము చెబితే, వినవలసినవారికి వినబడుతుంది, ఎవరి వైపూ వేలు చూపినట్టు ఉండదు.

యునానీ వైద్యం పట్ల నాకు గౌరవం ఉంది. కానీ ఎయిడ్స్ నయం చేస్తామని ఏ మందుకూ ప్రచారం చేసుకోరాదని డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల ‘జె’ షెడ్యూలు చెబుతోంది. అటువంటి బోర్డు మన మొహల్లాలో కనిపిస్తే తీయించే బాధ్యత మనదే.

గల్ఫ్‌కు వెళ్లదలచిన యువకుడికి వైద్యపరీక్షలో ‘అన్‌ఫిట్’ అన్న ఒక్క మాటే దక్కుతోంది. అతడు పరుగెత్తేది ఏజెంటు దగ్గరికి, చికిత్స కేంద్రానికి కాదు. సమ్మతి, పరీక్షకు ముందూ తరువాతా కౌన్సెలింగ్ లేకుండా హెచ్‌ఐవి పరీక్ష చేయరాదని 2017 నాటి చట్టం అంటోంది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. ఉద్యోగంలో, ఆసుపత్రిలో, బడిలో వివక్షను నిషేధించింది. కలిసి నివసిస్తున్న ఇంట్లో నుంచి వెళ్లగొట్టరాదన్నది. భర్త పోగానే అత్తింటివారు గెంటివేసిన స్త్రీల తరఫున మన న్యాయవాదులు ఈ నిబంధనను ఎందుకు వాడడం లేదో నాకు అర్థం కాదు. అదే చట్టం ఏఆర్‌టి మందులను ‘సాధ్యమైనంత మేరకు’ అందించాలని రాసింది. ఆ మాటలను తొలగించాలని మనం గట్టిగా అడగాలి.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా ఇంకొకటి చెప్పాలి. మరణిస్తే గుస్ల్ ఇవ్వడానికి ఎవరూ రారేమో, జనాజా ముందు గుసగుసలు పుడతాయేమో అన్న భయం, బతికి ఉన్నవారిని కూడా ఏఆర్‌టి కేంద్రం గుమ్మం తొక్కనివ్వడం లేదు. చేతి తొడుగులు, ఏప్రాన్, గాయాలుంటే కప్పడం, చిందిన రక్తాన్ని బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రం చేయడం వంటి జాగ్రత్తలతో ఏ దేహానికైనా గుస్ల్ ఇవ్వవచ్చు. ప్రతి దేహానికీ ఇవే జాగ్రత్తలు పాటిస్తే ఎవరి జబ్బూ అడగనక్కరలేదు. ఈ సామగ్రిని గుస్ల్ ఇచ్చే ప్రతి మసీదులో ఉంచమని కమిటీలను కోరుతున్నాను.

చివరగా, నాకో ఉచిత సహాయ నంబరు 1097. దీనిని మసీదు నోటీసు బోర్డు మీద రాయండి. అయితే హెచ్‌ఐవి అని ఒంటరిగా పెద్ద అక్షరాలతో రాయకండి. అంబులెన్సు 108, మహిళల సహాయానికి 181, పిల్లలకు 1098 అన్న వరుసలోనే అదీ ఉండనివ్వండి. ఆ బోర్డు ముందు నిలబడి చదువుతున్న మనిషి ఏ నంబరు చూస్తున్నాడో వెనకనున్నవారికి తెలియకూడదు.