తోటి విద్యార్థికి ముందు నిలిచినవాడు
(కొల్లిపర యువజన కూడికలో చేసిన ప్రసంగము)



మన కొల్లిపర నుండి యూనివర్శిటీకి వెళ్లే పిల్లలను గూర్చి మాట్లాడుమని మమ్ములను కోరినారు. తోటివారిని నడిపించే బాధ్యత వారికేమి మేలు చేయునో, అది మాత్రమే చెప్పదలచినాము.

ఇది మనకు కొత్త సంగతి కాదు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర పాఠశాలను ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు పాదిరిగారు చేపట్టినారు. ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి, తన బడిలోను అట్లే నేర్పుమన్నారు. ఉపాధ్యాయులు ఒప్పుకొనలేదు. ఎనిమిదేండ్ల బాలునికి ఆ పని అప్పగించినారు. వాడు నేర్పినాడు! 1797లో ఆయన లండనులో పుస్తకము ప్రచురించిన పిమ్మట అది 'మద్రాసు పద్ధతి' అను పేరున ఇంగ్లండులో వ్యాపించినది.

యూనివర్శిటీ స్థాయిలో, 1973లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో మిస్సోరి విశ్వవిద్యాలయమున డియానా మార్టిన్ గారు ఇటువంటిదే ఆరంభించినారు. ఎక్కువమంది తప్పే సబ్జెక్టులో, లోగడ బాగా చదివిన విద్యార్థినే మరల ఆ తరగతిలో కూర్చుండబెట్టి, తరువాత తోటివారితో చర్చ జరిపించెదరు. అతడు ఉపన్యసించరాదు, వారిచేత మాట్లాడించవలెను. పాదిరులమైన మాకు ఇది మరీ కష్టము.

మేమెరిగిన కుర్రవాడొకడు తెలుగు మీడియంలో ఇంటర్ చదివి హాస్టలులో చేరినాడు. మొదటి పరీక్షలో లెక్కలు తప్పి, పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చేసినాడు. ఎదుటి గది సీనియరు ఫోను చేసి రప్పించి, రోజూ రాత్రి భోజనాల తరువాత గంటసేపు దగ్గర కూర్చుండబెట్టుకొన్నాడు. కుర్రవాడు గట్టెక్కినాడు. అయితే ఆ సీనియరు మాతో అన్న మాట వినండి: "అయ్యగారూ, వాడికి చెప్పబోతేనే ఆ లెక్క నాకూ రాదని తెలిసింది. మళ్లీ మొదటినుంచి చదివాను." వార్డెను ఎదుట నోరు విప్పని ఆ పిల్లవాడే, తరువాత మెస్సు సంగతులు అందరి తరపున మాట్లాడినాడు.

ఇక మన సంగతి. మన యువజన సమాజ కార్యదర్శి అంటే కుర్చీలు మోయువాడు, మైకుసెట్టు కుదుర్చువాడు. కిందటి క్రిస్మసుకు కార్యక్రమమంతా మేమే వ్రాసి, చదువుమని కాగితము వారి చేతికిచ్చినాము. తప్పు మాదే.

వచ్చే సెలవులకు యూనివర్శిటీ పిల్లలు ఊరికి వచ్చెదరు. ఇంటర్ పిల్లలకు ఏ సబ్జెక్టు, ఏ వేళ చెప్పవలెనో వారే నిర్ణయించుకొందురు. గుడి ప్రక్క గది తాళపుచెవి ఈ రోజే కార్యదర్శికి ఇచ్చుచున్నాము. కరెంటు బిల్లు సంఘము చూచుకొనును. ఆ వేళలో మేము ఆ గది గడప తొక్కము.